ఇన్సులిన్ ఉండీ పనిచేయకపోతే: పెప్టైడ్ హార్మోన్ల ప్రమేయం ఎంత?

మధుమేహమంటే ఒంట్లో ఇన్సులిన్ తగ్గిపోవడమేనని వైద్యులు కూడా చాలాకాలం నమ్మారు. ఆ నమ్మకానికి 1936లో గండి పడింది. లండన్ వైద్యుడు హెరాల్డ్ హిమ్స్‌వర్త్ తన రోగులకు నోటి ద్వారా గ్లూకోజ్‌నూ, నరం ద్వారా ఇన్సులిన్‌నూ ఒకేసారి ఇచ్చి, రక్తంలో చక్కెర ఎలా మారుతుందో గమనించారు. కొందరిలో చక్కెర పెద్దగా పెరగలేదు. మరికొందరిలో మాత్రం అసలు ఇన్సులిన్ ఇవ్వనట్టే అది పైకి ఎగసింది. మొదటివారికి ఇన్సులిన్ కొరవడిందనీ, రెండోవారి శరీరం ఇన్సులిన్‌కు స్పందించడం లేదనీ ఆయన తేల్చారు. అప్పటికి రక్తంలోని ఇన్సులిన్‌ను కొలిచే నమ్మకమైన పద్ధతి లేనందున ఆ మాట ఊహగానే మిగిలింది. 1960లో రోజలిన్ యాలో, సాలమన్ బెర్సన్ రేడియోధార్మిక పదార్థాల సాయంతో అతి స్వల్ప పరిమాణంలోని ఇన్సులిన్‌ను సైతం కొలిచే పరీక్షను ప్రచురించినప్పుడు గానీ నిజం బయటపడలేదు. నడివయసు దాటాక మధుమేహం బారినపడిన చాలామందిలో ఇన్సులిన్ తక్కువగా లేదు. కొందరిలో ఆరోగ్యవంతుల కంటే ఎక్కువగానే ఉంది.

ఇన్సులిన్ నిరోధకత అనే ఈ స్థితిలో ఉన్న ఇన్సులిన్ ఎందుకు పనిచేయడం లేదన్న ప్రశ్నకు నేటికీ ఒక్క వాక్యంలో చెప్పగలిగే జవాబు లేదు. జన్యువులు, శరీర బరువు, కాలేయంలో పేరుకున్న కొవ్వు, వ్యాయామలేమి, నిద్రలేమి అన్నీ ఇందులో పాలుపంచుకుంటాయి. వీటిలో చాలావాటి ప్రభావం కణాలను చేరేది హార్మోన్ల ద్వారానే, అందులోనూ ముఖ్యంగా పెప్టైడ్ హార్మోన్ల ద్వారానే కాబట్టి, ఆ వైపు నుంచి చూస్తే చిక్కుముడి కొంత విడుతుంది. ఆరోగ్య వ్యాసాల్లో ఈ హార్మోన్లన్నింటినీ ఒకే గాటన కట్టి ‘ఇన్సులిన్ నిరోధకతకు కారణాలు’ అనేయడం మామూలైపోయింది. నిజానికి ఇన్సులిన్ పనిని కణం లోపలే దెబ్బతీసే హార్మోన్ వేరు, దానికి ఎదురుగా మరో పని చేసే హార్మోన్ వేరు, తాను తగ్గిపోవడం వల్ల నష్టం చేసే హార్మోన్ వేరు. కేవలం అనుమానితుల జాబితాలో పేరెక్కి, నేరం రుజువు కానివి కూడా కొన్ని ఉన్నాయి.

పెప్టైడ్ హార్మోన్ అంటే అమైనో ఆమ్లాల గొలుసు. రక్తపోటును పెంచే యాంజియోటెన్సిన్-2లో అవి ఎనిమిదే. గ్లూకగాన్‌లో 29, రెండు గొలుసులుగా ఉండే ఇన్సులిన్‌లో 51, పీయూష గ్రంథి స్రవించే పెరుగుదల హార్మోన్‌లో 191 ఉంటాయి. కార్టిసాల్ వంటి స్టెరాయిడ్ హార్మోన్లు కొవ్వులో కరుగుతాయి కాబట్టి కణపు పొరను దాటి నేరుగా లోపలికి వెళ్లగలవు. పెప్టైడ్‌లకు ఆ వీలు లేదు. అవి కణం గడప దగ్గరే ఆగి, అక్కడి గ్రాహకం అనే ప్రొటీన్‌ను తాకి తమ కబురు అందిస్తాయి. ఆ తర్వాత ఆ కబురును లోపలికి మోసుకుపోవలసింది కణంలోని ఇతర ప్రొటీన్లే. పైగా వీటి ఆయుష్షు చాలా తక్కువ. ఇన్సులిన్ పరిమాణం రక్తంలో సుమారు ఐదు నిమిషాలకు సగమవుతుంది, పేగుల నుంచి వచ్చే జీఎల్‌పీ-1 అయితే రెండు నిమిషాలైనా నిలవదు. ఈ రెండు లక్షణాలు, అంటే గడప దాటలేకపోవడమూ, క్షణాల్లో కరిగిపోవడమూ, తరువాతి కథనంతటినీ నడిపిస్తాయి.

ఇన్సులిన్ తాళంచెవి, గ్రాహకం తాళం, అది తెరుచుకుంటే గ్లూకోజ్ లోపలికి వెళుతుంది. నిరోధకత అంటే తాళం తుప్పుపట్టడం. ఈ పోలికను అందరూ వాడతారు, నేనూ ఒకప్పుడు వాడాను. కానీ అది తప్పుదారి పట్టిస్తుంది. టైప్-2 మధుమేహం ఉన్న అత్యధికుల్లో ఇన్సులిన్ గ్రాహకం నిర్మాణంలో ఏ లోపమూ ఉండదు. తాళం సజావుగానే తెరుచుకుంటుంది, తలుపు లోపలివైపు గడియ పడి ఉంటుంది. గ్రాహకం ఉత్తేజితం కాగానే ఐఆర్‌ఎస్ అనే ప్రొటీన్లపై ఉండే టైరోసిన్ అనే అమైనో ఆమ్లానికి ఫాస్ఫేట్ గుంపులు చేరుతాయి. దాంతో పీఐ3-కైనేజ్, ఆ వెనుక ఏకేటీ అనే ఎంజైములు మేల్కొంటాయి, చివరికి కండర కణాల్లో గ్లుట్-4 అనే గ్లూకోజ్ వాహకాలు లోపలి నుంచి ఉపరితలానికి చేరుకుంటాయి. అదే ఐఆర్‌ఎస్ ప్రొటీన్ మీద టైరోసిన్‌కు బదులు సెరిన్ అనే మరో అమైనో ఆమ్లానికి, కొన్ని ప్రత్యేక స్థానాల్లో, ఫాస్ఫేట్ అతుక్కుంటే సంకేతం అక్కడే నీరసించిపోతుంది. కొవ్వు ఆమ్లాల నుంచి పుట్టే డైఎసైల్‌గ్లిసరాల్, వాపును కలిగించే సంకేతాలు, కొన్ని పెప్టైడ్ హార్మోన్లు ఆ గడియను వేసే చేతుల్లో ఉన్నాయి.

నిరోధకత అన్ని అవయవాల్లో ఒకే తీరుగా ఉండదన్నది కూడా గుర్తుంచుకోవాలి. కండరాల్లో అది గ్లూకోజ్‌ను లోపలికి రానివ్వదు. కొవ్వు కణజాలంలో నిల్వ కొవ్వు కరిగి రక్తంలోకి పోవడాన్ని ఇన్సులిన్ ఆపలేకపోతుంది. కాలేయంలో పరిస్థితి మరీ విచిత్రం. ఇన్సులిన్ అక్కడ చేయవలసిన పనులు రెండు: గ్లూకోజ్ తయారీని ఆపడం, కొవ్వు తయారీని పెంచడం. మధుమేహంలో మొదటి పని జరగదు, రెండోది మాత్రం నిరాటంకంగా సాగుతుంది. అందుకే ఒకే మనిషిలో రక్తంలో చక్కెరా పెరుగుతుంది, ట్రైగ్లిజరైడ్లూ పెరుగుతాయి, కాలేయానికి కొవ్వూ పడుతుంది. దీన్ని ఎంపిక చేసుకున్న నిరోధకత అంటారు. ఇన్సులిన్ గ్రాహకంలోనే జన్యులోపం ఉన్న అరుదైన రోగుల్ని పరిశీలించినప్పుడు ఈ వాదనకు బలమైన ఊతం దొరికింది. వారిలో నిరోధకత అతి తీవ్రంగా ఉన్నా కాలేయంలో కొవ్వు చేరదు, ట్రైగ్లిజరైడ్లు పెరగవు. ఎందుకంటే వారి కాలేయానికి ఇన్సులిన్ కబురు ఏ రూపంలోనూ అందదు. మామూలు టైప్-2 రోగుల్లో ఆ కబురు సగం అందుతుంది, ఆ సగమే చేటు తెస్తుంది.

ఇక్కడ మొదటి నిందితుడు ఇన్సులినే అని చెబితే వినడానికి వింతగా ఉంటుంది. అయినా ఆధారాలు ఆ వైపే చూపుతున్నాయి. ఏ పెప్టైడ్ హార్మోన్ అయినా అదేపనిగా తలుపు తడుతూ ఉంటే కణం తన గ్రాహకాలను లోపలికి లాక్కుంటుంది, లోపలి సంకేత మార్గాన్నీ మందగింపజేస్తుంది. 1985లో ప్రచురితమైన ఒక పరిశోధనలో ఆరోగ్యవంతులైన స్వచ్ఛంద సేవకులకు సుమారు 40 గంటలపాటు ఇన్సులిన్‌ను నిలకడగా ఎక్కించగా, వారిలోనే నిరోధకత తలెత్తింది. ఆరోగ్యవంతమైన క్లోమం ఇన్సులిన్‌ను ధారగా కాక కొద్ది నిమిషాలకొకసారి చిన్న చిన్న అలలుగా వదులుతుంది. అల అల మధ్యా గ్రాహకాలకు కాస్త విరామం దొరుకుతుంది. మధుమేహం తొలిదశలోనే ఈ లయ చెదిరిపోతుంది. దీనికితోడు, క్లోమం నుంచి వచ్చిన ఇన్సులిన్‌లో దాదాపు సగాన్ని కాలేయం తొలి విడతలోనే తొలగిస్తుంది కదా. కొవ్వుపట్టిన కాలేయం ఆ పనిని సరిగా చేయలేదు కాబట్టి మిగతా శరీరానికి అవసరానికి మించిన ఇన్సులిన్ చేరుతుంది. నిరోధకత వల్ల ఇన్సులిన్ పెరుగుతుందా, పెరిగిన ఇన్సులిన్ వల్ల నిరోధకత వస్తుందా అన్న వాదన విత్తు ముందా చెట్టు ముందా అన్నట్టుగా ఇంకా నడుస్తూనే ఉంది. నా మటుకు ఇది ఎక్కడ మొదలైనా రెండోసారి తిరిగేసరికి మొదలూ తుదీ తెలియని చక్రమే అనిపిస్తుంది.

అసలు ఒక పెప్టైడ్ హార్మోన్ ఇన్సులిన్ నిరోధకతను కలిగించగలదని నిస్సందేహంగా చూపాలంటే పెరుగుదల హార్మోన్‌ను మించిన ఉదాహరణ లేదు. అర్జెంటీనా శరీరశాస్త్రవేత్త బెర్నార్డో హౌస్సే 1930ల నాటికే, క్లోమం తీసేసిన కుక్కలకు పీయూష గ్రంథిని కూడా తొలగిస్తే వాటి మధుమేహం గణనీయంగా తగ్గుతుందని చూపారు. పీయూష గ్రంథి సారాన్ని ఎక్కిస్తే చక్కెర మళ్లీ పెరిగేది. ఈ కృషికే ఆయనకు 1947లో నోబెల్ పురస్కారం దక్కింది. పీయూష గ్రంథిలో కణితి వల్ల పెరుగుదల హార్మోన్ అధికంగా స్రవించే ఆక్రోమెగలీ రోగుల్లో మధుమేహం తరచుగా కనిపించడం, ఆ హార్మోన్ గ్రాహకాన్ని అడ్డుకునే మందు ఇస్తే ఇన్సులిన్ స్పందన మెరుగుపడడం కూడా ఇదే మాట చెబుతాయి. ఆ హార్మోన్ కొవ్వు కణజాలంలోని నిల్వలను కరిగించి కొవ్వు ఆమ్లాలను రక్తంలోకి విడుదల చేయిస్తుంది. కండరాలు వాటినే ఇంధనంగా వాడుకుంటూ గ్లూకోజ్‌ను పక్కన పెడతాయి. ఉపవాస వేళ ఇది మేలే, ఎందుకంటే మెదడు కోసం గ్లూకోజ్ మిగులుతుంది. తెల్లవారుజామున కొందరు మధుమేహ రోగుల్లో ఏమీ తినకుండానే చక్కెర పెరగడానికీ, రాత్రి నిద్రలో స్రవించే ఈ హార్మోన్‌కూ సంబంధం ఉంది.

దీనికి అద్దంలో ప్రతిబింబం లాంటి ఉదాహరణ ఈక్వడార్‌లో దొరికింది. అక్కడి మారుమూల గ్రామాల్లో లారోన్ సిండ్రోమ్ ఉన్న కుటుంబాలున్నాయి. వారిలో పెరుగుదల హార్మోన్ ఉంటుంది గానీ దాని గ్రాహకం పనిచేయదు. ఎత్తు చాలా తక్కువ, ఒంట్లో కొవ్వు శాతం ఎక్కువ. మామూలు లెక్క ప్రకారం వీరికి మధుమేహం రావాలి. కానీ 2011లో వెలువడిన పరిశీలన ప్రకారం వారిలో మధుమేహం కనిపించలేదు సరికదా, ఇన్సులిన్ అతి తక్కువ మోతాదులోనే చక్కగా పనిచేస్తోంది. ఊబకాయం ఉంటే నిరోధకత తప్పదన్న సూత్రానికి ఇంత స్పష్టమైన మినహాయింపు మరొకటి దొరకడం కష్టం.

గర్భధారణ కథ కూడా ఈ కుటుంబానికి చెందినదే. మాయ స్రవించే ప్లాసెంటల్ లాక్టోజెన్, మాయ తయారుచేసే పెరుగుదల హార్మోన్ రూపాంతరం, రెండూ 191 అమైనో ఆమ్లాల గొలుసులే. గర్భం చివరి నెలల నాటికి తల్లిలో ఇన్సులిన్ స్పందన దాదాపు సగానికి పడిపోతుంది. ఇది రోగం కాదు, తల్లి కండరాలు గ్లూకోజ్‌ను తీసుకోవడం తగ్గిస్తే అది బిడ్డకు అందుతుంది. తల్లి క్లోమం ఆ మేరకు ఇన్సులిన్‌ను పెంచగలిగితే ఎవరికీ ఏమీ తెలియదు. పెంచలేకపోతే గర్భకాల మధుమేహం బయటపడుతుంది. జంతువులపై చేసిన ప్రయోగాల్లో మాయ పెరుగుదల హార్మోన్ కండరాల్లో పీఐ3-కైనేజ్‌లోని నియంత్రక భాగాన్ని అవసరానికి మించి పెంచి, ఇన్సులిన్ సంకేతం ముందుకు సాగకుండా చేస్తుందని తేలింది. అంటే గడియ ఎక్కడ పడిందో కూడా ఇక్కడ తెలిసింది. ప్రసవమై మాయ బయటకు రాగానే నిరోధకత చాలామందిలో కొద్ది రోజుల్లోనే తగ్గుముఖం పడుతుంది.

గ్లూకగాన్ సంగతి వేరు. క్లోమంలోని లాంగర్‌హాన్స్ పుటికలనే కణాల గుంపుల్లో ఆల్ఫా కణాలు స్రవించే ఈ హార్మోన్‌ను 1923లో గుర్తించారు. ఇది ఇన్సులిన్ సంకేతాన్ని కండరాల్లో దెబ్బతీయదు. కాలేయానికి వెళ్లి, అక్కడ నిల్వ ఉన్న గ్లూకోజ్ రూపమైన గ్లైకోజన్‌ను కరిగించమనీ, కొత్త గ్లూకోజ్‌ను తయారు చేయమనీ చెబుతుంది. కాబట్టి దీన్ని నిరోధకతకు కారణం అనడం కంటే ప్రతిపక్షం అనడం సబబు. మామూలుగా భోజనం చేయగానే ఇన్సులిన్ పెరిగి గ్లూకగాన్ తగ్గాలి. టైప్-2 రోగుల్లో అది తగ్గదు, ఒక్కోసారి పెరుగుతుంది కూడా. అమెరికా శాస్త్రవేత్త రోజర్ అంగర్ 1970ల నుంచి మధుమేహం ఇన్సులిన్ కొరత ఒక్కటే కాదు, గ్లూకగాన్ మిగులు కూడా అని గట్టిగా వాదించారు. 2011లో ఆయన బృందం గ్లూకగాన్ గ్రాహకం లేని చిట్టెలుకల్లో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను నాశనం చేసినా వాటికి చక్కెర పెరగలేదని చూపినప్పుడు పెద్ద సంచలనమే కలిగింది. తరువాత ఇతర ప్రయోగశాలలు బీటా కణాలను మరింత పూర్తిగా తుడిచిపెట్టి చూడగా చక్కెర పెరిగింది. కొద్దిపాటి ఇన్సులిన్ మిగిలి ఉంటేనే అంగర్ ఫలితం నిలుస్తుందన్నమాట.

గ్లూకగాన్ ఎందుకు పెరుగుతుందన్నదానికి ఈ మధ్య ఒక ఆసక్తికరమైన వివరణ బలపడింది. గ్లూకగాన్ చేసే మరో పని, కాలేయంలో అమైనో ఆమ్లాలను విచ్ఛిన్నం చేయించడం. కాలేయానికి కొవ్వు పడితే అది గ్లూకగాన్ మాటను కూడా ఈ విషయంలో సరిగా వినదు. దాంతో రక్తంలో అమైనో ఆమ్లాలు పేరుకుంటాయి, అవి ఆల్ఫా కణాలను రెచ్చగొడతాయి, మరింత గ్లూకగాన్ వస్తుంది. కానీ గ్లూకోజ్ తయారీ విషయంలో మాత్రం కాలేయం గ్లూకగాన్ మాటను బాగానే వింటుంది. ఇన్సులిన్ విషయంలో చూసిన సగం చెవుడే ఇక్కడా ఎదురవుతోంది.

కొవ్వు కణజాలం హార్మోన్లు స్రవిస్తుందన్న సంగతి 1994 వరకు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఆ ఏడాది జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం, విపరీతంగా లావెక్కే ఒక జాతి చిట్టెలుకల్లో లోపించిన హార్మోన్ తాలూకు జన్యువును కనుగొంది; ఆ హార్మోన్‌కు తరువాత లెప్టిన్ అని పేరుపెట్టారు. ఆకలిని తగ్గించే ఈ హార్మోన్‌ను ఇస్తే ఊబకాయం మాయమవుతుందని ఆశపడ్డవారికి నిరాశే మిగిలింది. ఊబకాయుల్లో లెప్టిన్ ఎక్కువగానే ఉంటుంది, మెదడు దాన్ని పట్టించుకోదు. లెప్టిన్ అసలు విలువ మరోచోట తేలింది. లైపోడిస్ట్రఫీ అనే అరుదైన వ్యాధిలో ఒంట్లో కొవ్వు కణజాలం దాదాపు ఉండదు. అలాంటివారు సన్నగా ఉన్నా, కొవ్వు దాచుకునే చోటు లేక అది కాలేయంలో, కండరాల్లో చేరి నిరోధకత తారస్థాయికి వెళుతుంది. వారికి లెప్టిన్ ఇస్తే చక్కెర, ట్రైగ్లిజరైడ్లు రెండూ బాగా తగ్గుతాయి. ఈ చికిత్సకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2014లో అనుమతి ఇచ్చింది. కొవ్వు ఎక్కువైనా, బొత్తిగా లేకపోయినా ఫలితం ఒకటే కావడం చూస్తే, సమస్య కొవ్వు మొత్తంలో కాదు, అది చేరకూడని చోట చేరడంలో ఉందని అర్థమవుతుంది.

కొవ్వు కణజాలం నుంచే వచ్చే అడిపోనెక్టిన్ దీనికి పూర్తిగా భిన్నం. ఒంట్లో కొవ్వు పెరిగేకొద్దీ ఇది తగ్గుతుంది. ఇది కండరాల్లో, కాలేయంలో ఏఎంపీకే అనే ఎంజైమును ఉత్తేజపరచి కొవ్వు ఆమ్లాల దహనాన్ని పెంచుతుంది. పయోగ్లిటజోన్ వంటి మధుమేహ మందులు ఇన్సులిన్ స్పందనను మెరుగుపరచడంలో ఈ హార్మోన్ పెరగడానికీ కొంత పాత్ర ఉంది. తక్కువ అడిపోనెక్టిన్ నిరోధకతకు కారణమా, లేక దాని గుర్తు మాత్రమేనా అన్నది మాత్రం తేలలేదు. ఇన్సులిన్ గ్రాహక లోపం ఉన్నవారిలో, తీవ్ర నిరోధకత ఉన్నప్పటికీ, అడిపోనెక్టిన్ ఎక్కువగా ఉండడం ఈ ప్రశ్నను మరింత జటిలం చేస్తోంది.

పేరులోనే నిరోధకతను మోసుకువచ్చిన రెసిస్టిన్ మాత్రం పేరుకు తగ్గ పని చేయలేదు. 2001లో దీన్ని కనుగొన్నప్పుడు ఊబకాయానికీ మధుమేహానికీ మధ్య తెగిపోయిన లంకె దొరికిందని సంబరపడ్డారు. ఎలుకల్లో అది కొవ్వు కణాల నుంచి వస్తుంది, మనుషుల్లో ప్రధానంగా మాక్రోఫేజ్‌లనే రక్షణ కణాల నుంచి వస్తుంది. దాని పరిమాణానికీ నిరోధకతకూ మనుషుల్లో పొంతన సరిగా కుదరలేదు. హార్మోన్ అనడం కంటే సైటోకైన్, అంటే రక్షణ కణాల సంకేత ప్రొటీన్, అనదగిన టీఎన్ఎఫ్-ఆల్ఫా చరిత్రా ఇలాంటిదే: 1993లో ఎలుకల్లో దాన్ని అడ్డుకుంటే ఇన్సులిన్ స్పందన మెరుగుపడింది, మధుమేహ రోగుల్లో అదే ప్రయత్నం చేస్తే చక్కెర తగ్గలేదు. ఎలుకలో నిజమైనది మనిషిలో నిజం కావాలని నియమమేమీ లేదు.

బీటా కణాలు ఇన్సులిన్‌తోపాటే విడుదల చేసే అమైలిన్‌ను కూడా 1980ల చివర్లో నిరోధకతకు కారణంగా అనుమానించారు. ఒంట్లో సహజంగా ఉండే మోతాదులో అది అలాంటి పని చేస్తున్నట్టు రుజువు కాలేదు. అయితే నిరోధకత వల్ల ఇన్సులిన్ ఎక్కువగా తయారుకావలసి వచ్చినప్పుడు అమైలిన్ కూడా ఎక్కువగానే తయారై, పుటికల్లో పోగులుగా పేరుకుని బీటా కణాలకు హాని చేస్తుంది. అంటే అమైలిన్ నిరోధకతకు కారణం కాదు, నిరోధకత మధుమేహంగా మారే దారిలో ఒక మజిలీ.

పేగుల నుంచి వచ్చే జీఎల్‌పీ-1, జీఐపీ హార్మోన్లను ఇప్పుడు ఎరగనివారు తక్కువ. నోటి ద్వారా తీసుకున్న గ్లూకోజ్‌కు విడుదలయ్యే ఇన్సులిన్‌లో, ఆరోగ్యవంతుల్లో, సగానికి పైగా ఈ రెండింటి చలవే. టైప్-2 రోగుల్లో ఈ ప్రభావం బాగా క్షీణిస్తుంది, ముఖ్యంగా జీఐపీకి బీటా కణాలు స్పందించడం మానేస్తాయి. ఈ లోపం ఇన్సులిన్ స్రావానికి సంబంధించినదే తప్ప నిరోధకతకు సూటిగా సంబంధించినది కాదు. వీటిని పోలిన మందులు వాడినవారిలో నిరోధకత తగ్గేది ఎక్కువగా బరువు, కాలేయంలోని కొవ్వు తగ్గడం వల్లనే.

అయితే ఈ మందుల చరిత్రలోనే ఒక తిరకాసు ఉంది. గ్లూకగాన్ చక్కెరను పెంచుతుంది కాబట్టి దాని గ్రాహకాన్ని మూసేస్తే చాలనుకుని తయారుచేసిన మందులు చక్కెరను తగ్గించాయి, కానీ కాలేయంలో కొవ్వునూ, కాలేయ ఎంజైములనూ, చెడు కొలెస్టరాల్‌నూ పెంచడంతో ఆ దారి దాదాపు మూసుకుపోయింది. 2022లో అమెరికాలో అనుమతి పొందిన టిర్జెపటైడ్ జీఎల్‌పీ-1, జీఐపీ గ్రాహకాలు రెండింటినీ తడుతుంది. ప్రయోగదశలో ఉన్న రెటాట్రుటైడ్ ఆ రెండింటితోపాటు గ్లూకగాన్ గ్రాహకాన్ని కూడా తడుతుంది, మూయదు. 2023లో వెలువడిన దాని మధ్యస్థాయి పరీక్షల్లో బరువూ తగ్గింది, చక్కెరా తగ్గింది. గ్లూకగాన్ కాలేయంలో కొవ్వును దహింపజేస్తుంది, శరీరం ఖర్చుచేసే శక్తిని పెంచుతుంది. దాని వల్ల పెరగవలసిన చక్కెరను మిగతా రెండు హార్మోన్ల సంకేతాలు అదుపులో ఉంచుతాయి. ఒంటరిగా నిలబెట్టి విచారించినప్పుడు దోషిగా కనిపించిన హార్మోనే, పక్కన ఆ ఇద్దరు ఉన్నప్పుడు చికిత్సలో భాగమైంది.